వాతావరణ సూచనను వినుట ఎట్లు?

(మాధ్యమిక పాఠశాల విద్యార్థుల కొరకు)

రేడియోలో వార్తలు ముగియు వేళకు ఇంటిలోనివారు చాలమంది తమ పనులకు మరలుదురు. సరిగా అప్పుడే వార్తలు చదువువారు నాలుగు వాక్యములలో వాతావరణ సూచనను వినిపింతురు. కోస్తాలో అనేక చోట్ల వర్షములు పడవచ్చునని, రాయలసీమలో ఒకటి రెండు చోట్ల జల్లులు కురియవచ్చునని, పగటి ఉష్ణోగ్రతలలో చెప్పుకోదగిన మార్పు ఉండదని అందులో చెప్పుదురు. ఇవి అందరకును తెలిసిన మాటలే. కాని వీనిలో ప్రతి మాటకును ఒక కొలత కలదు. "కొన్ని చోట్ల" అనుటకును "అనేక చోట్ల" అనుటకును నడుమ నిశ్చితమైన భేదమున్నది. "భారీ వర్షము" అను మాట ఊరక పెద్ద వాన అని చెప్పుటకు వాడునది కాదు. పొలమునకు పోవు రైతు, సముద్రము మీద వేటకు పోవు మత్స్యకారుడు, ఎండలో పనిచేయు కూలీ ఈ మాటలను బట్టియే ఆనాటి పనిని నిర్ణయించుకొనవలసియుండును. బాలబాలికలు వీని అర్థమును తెలిసికొన్నచో ఇంటిలోని పెద్దలకును ఉపకారము చేయగలుగుదురు.

రెండు ప్రశ్నలు

"ఈ దినము ఎట్లున్నది?" అనునది ఒక ప్రశ్న. "ఈ ప్రాంతము సాధారణముగా ఎట్లుండును?" అనునది మరియొక ప్రశ్న. మొదటి ప్రశ్నకు సమాధానము వాతావరణము. రెండవ ప్రశ్నకు సమాధానము శీతోష్ణస్థితి. ఉదయము మబ్బు పట్టి, మధ్యాహ్నము ఎండ కాసి, సాయంకాలము జల్లు కురియవచ్చును. ఇది వాతావరణము, గంటగంటకు మారును. జూన్ నెలలో మన దేశమునకు నైరుతి గాలులు వచ్చునని, మే నెలలో ఎండలు మండునని, మాఘమాసము వరకు చలి ఉండునని మనము చెప్పుకొనుట శీతోష్ణస్థితిని గూర్చిన మాట. ఇది ఏండ్ల తరబడి చూచి తేల్చిన సంగతి.

ఈ భేదము మన రైతులకు క్రొత్తది కాదు. సంవత్సరమును ఇరువదియేడు కార్తెలుగా విభజించి, రోహిణిలో ఎండ, మృగశిరలో తొలకరి అని వారు లెక్కపెట్టుకొన్నారు. ఒక్కొక్క కార్తె సుమారు పదునాలుగు దినములు. కార్తెల లెక్క శీతోష్ణస్థితిని చెప్పును. మృగశిర ప్రవేశించిన నాడే వాన పడి తీరునని ఏ అనుభవజ్ఞుడైన రైతును చెప్పడు. ఆ రోజులలో వాన రావలసియున్నదని మాత్రము చెప్పును. వచ్చినదా లేదా అనునది ఆనాటి ఆకాశమును చూచి తెలిసికొనవలసినదే.

శాస్త్రజ్ఞులును ఇట్లే చేయుదురు. ఒక ప్రదేశములోని శీతోష్ణస్థితిని నిర్ణయించుటకు ముప్పది సంవత్సరముల లెక్కలను తీసికొని సగటు కట్టుట ప్రపంచమంతటను అంగీకరించిన పద్ధతి. ఒకటి రెండేండ్ల లెక్క చాలదు. హైదరాబాదునందు ఏడాదికి కురియు వర్షము సగటున 800 మిల్లీమీటర్ల ప్రాంతమున ఉండును. కాని 2000వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన, ఒక్క దినములోనే, అచ్చట 240 మిల్లీమీటర్ల వాన కురిసినది. అనగా ఏడాది వానలో నాల్గవ వంతుకు పైగా ఒక్కనాడే వచ్చినదన్నమాట. ఆ ఒక్క దినమును చూచిన పరదేశి హైదరాబాదును మిక్కిలి వర్షము గల నగరమని తలచి యుండును. అది ఆనాటి వాతావరణమే గాని ఆ నగరపు శీతోష్ణస్థితి కాదు.

ఎండ, నీడ, ఎత్తు, సముద్రము

సూర్యకిరణములు గాలిని నేరుగా వేడిచేయుట తక్కువ. అవి నేలను వేడిచేయును. నేల తన్ను తాకియున్న గాలిని వేడిచేయును. అందుచేతనే సూర్యుడు నడినెత్తిన ఉన్న పండ్రెండు గంటలకంటె, నేల బాగుగా కాగిన రెండు మూడు గంటల వేళ ఎండ తీక్షణముగా తోచును. పొయ్యిమీది పెనము వెంటనే కాలక కొంతసేపటికి కాలుట వంటిదే యిది.

రేడియోలో చెప్పు ఉష్ణోగ్రత ఎండలో కొలిచినది కాదు, నీడలోని గాలి వేడి. వాతావరణ పరిశీలన కేంద్రములలో, తెల్లరంగు వేసి నాలుగు ప్రక్కల గాలి ఆడునట్లు వాలుపలకలు అమర్చిన కొయ్యపెట్టెలో ఉష్ణమాపకములను ఉంచుదురు. ఆ పెట్టె నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున ఉండును. దీనిని రూపొందించినవాడు థామస్ స్టీవెన్సన్ అను దీపస్తంభముల ఇంజనీరు. ఉష్ణమాపకమును ఎండలో పెట్టినచో అది గాలి వేడిని గాక, ఎండకు కాలిన తన వేడినే చూపును. ప్రపంచములో అన్ని చోట్లను ఒకే తీరుగా నీడలో కొలిచినప్పుడే ఒక ఊరిని మరియొక ఊరితో పోల్చుటకు వీలగును.

ఊళ్లన్నియు ఒకే విధముగా కాగవు. సముద్రపు నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారును. నేల త్వరగా కాగి త్వరగా ఆరును. అందువలన సముద్రతీరమున ఉన్న విశాఖపట్నములో వేసవి ఎండ 45 డిగ్రీలకు పోవుట అరుదు. చలికాలపు చలియును తక్కువ. లోతట్టున ఉన్న రామగుండము, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీలు దాటుట కలదు. తీరమందు పగటివేళ నేలమీది గాలి వేడెక్కి పైకి పోగా, దాని స్థానమునకు సముద్రము మీది చల్లని గాలి వచ్చును. ఇది సముద్రపు గాలి. రాత్రివేళ నేల ముందుగా చల్లారుటచే గాలి నేలనుండి సముద్రమునకు మరలును. తెల్లవారుజామున తెరచాప ఎత్తి వేటకు పోవుటకును, మధ్యాహ్నమైన పిదప ఒడ్డు చేరుటకును మన మత్స్యకారులు తరతరములుగా ఈ రెండు గాలులను వాడుకొన్నారు.

ఎత్తునకు పోయినకొలది గాలి చల్లబడును. కిలోమీటరు ఎత్తునకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గునని లెక్క. తూర్పు కనుమలలో సుమారు వేయి మీటర్ల ఎత్తుననున్న లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామున మంచు పేరుకొనునంత చలి వేయుటకు ఎత్తు ఒక ముఖ్యకారణము. మబ్బులేని రాత్రులలో నేలలోని వేడి అడ్డు లేక ఆకాశమునకు పోవుట మరియొకటి. దుప్పటి కప్పుకొన్నవానికి చలి తగ్గినట్లే, మబ్బు కప్పియున్న రాత్రి నేల అంతగా చల్లబడదు.

కుండ చెప్పు పాఠము

వేసవిలో మట్టికుండలోని నీరు చల్లగా ఉండుట మనకందరకు తెలిసినదే. కుండ గోడల సన్నని రంధ్రములలోనుండి నీరు పైకి ఊరి ఆవిరియగును. ఆవిరియగుటకు కావలసిన వేడిని కుండలోని నీటినుండియే తీసికొనును. మన చెమటయు ఇట్లే శరీరమును చల్లబరచును. అయితే గాలిలో అప్పటికే ఆవిరి నిండియున్నచో చెమట త్వరగా ఆరదు. దానినే మనము ఉక్కపోత అందుము. గాలిలోని ఈ తేమను ఆర్ద్రత అందురు. కృష్ణాతీరమున 38 డిగ్రీల ఎండ, తెలంగాణపు పొడిగాలిలోని 40 డిగ్రీల ఎండకంటె దుర్భరముగా తోచుటకు కారణమిదియే.

గాలి ఎంత వేడిగా ఉన్నచో అంత ఎక్కువ ఆవిరి అందులో ఇముడగలదు. ఒక ఘనపు మీటరు స్థలములో 10 డిగ్రీల వద్ద సుమారు 9 గ్రాములు, 20 డిగ్రీల వద్ద 17 గ్రాములు, 30 డిగ్రీల వద్ద 30 గ్రాములు ఆవిరి నిలువగలదు. రేడియోలో "ఆర్ద్రత 60 శాతము" అని చెప్పినచో, ఆ వేడికి ఇముడగల ఆవిరిలో నూటికి అరువది పాళ్ళు అప్పటికే గాలిలో ఉన్నదని అర్థము. నూరు పాళ్ళు నిండిన పిదప గాలి ఇంకను చల్లబడినచో, మిగిలిన ఆవిరి నీరుగా మారక తప్పదు. చల్లని నీరు పోసిన ఇత్తడి చెంబు వెలుపల చెమర్చుట ఇందువలననే. మేఘము ఏర్పడుట కూడ ఇదే రీతి. తేమగాలి పైకి లేచును, పైన ఒత్తిడి తక్కువ గనుక వ్యాకోచించును, వ్యాకోచించుటచే చల్లబడును, అప్పుడు అందలి ఆవిరి సన్నని ధూళికణముల చుట్టును చేరి నీటి తుంపరలగును. అవి ఒకదానితో నొకటి కలిసి బరువెక్కినప్పుడు వానయై దిగును.

వానను మిల్లీమీటర్లలో కొలుచుట కొందరికి వింతగా తోచును. కురిసిన నీరు ఇంకక, పారక, ఆవిరికాక, పడినచోటనే నిలిచినచో ఎంత లోతు ఉండునో ఆ లోతే వర్షపాతము. ఒక మిల్లీమీటరు అనగా చదరపు మీటరు నేలకు ఒక లీటరు నీరు. ఎకరము నేలకు నాలుగు వేల లీటర్లకు పైమాట. 25 మిల్లీమీటర్ల వాన పడినదన్నచో ఎకరము పొలమునకు లక్ష లీటర్ల నీరు ఆకాశమునుండి దిగినదన్నమాట. మన దేశములో ఉదయము 8 గంటల 30 నిమిషములకు, గడచిన ఇరువదినాలుగు గంటల వానను కొలుచుదురు.

ఇప్పుడు వాతావరణ సూచనలోని మాటలను చూతము. ఒక దినమున 64.5 మిల్లీమీటర్లు మొదలు 115.5 వరకు కురిసినచో అది "భారీ వర్షము". 204.4 వరకు "అతి భారీ వర్షము". అంతకు మించినచో "అత్యంత భారీ వర్షము". ఇక చోట్ల సంగతి. ఒక ప్రాంతములోని వర్షమాపక కేంద్రములలో నాల్గవ వంతుకు మించని చోట్ల వాన పడునని తోచినచో "ఒకటి రెండు చోట్ల" అందురు. సగము వరకైనచో "కొన్ని చోట్ల". మూడు వంతుల వరకు "అనేక చోట్ల". అంతకు మించినచో "దాదాపు అన్ని చోట్ల". కనుక "ఒకటి రెండు చోట్ల వర్షము" అని విని, తన ఊరిలో చినుకు పడలేదని సూచనను తప్పుపట్టుట న్యాయము కాదు.

గాలి బరువు, ఋతుపవనములు

గాలికి బరువున్నది. సముద్రమట్టమున ప్రతి చదరపు సెంటీమీటరు మీదను పైనున్న గాలి సుమారు ఒక కిలోగ్రాము బరువుతో ఒత్తుచున్నది. చాచిన అరచేతి మీద నూరు కిలోగ్రాముల బరువున్నను మనకు తెలియకుండుటకు కారణము, అదే ఒత్తిడి క్రిందనుండియు, ప్రక్కలనుండియు ఉండుటయే. ఇటలీ దేశీయుడు టోరిసెల్లీ 17వ శతాబ్దపు నడుమ పాదరసపు గొట్టముతో ఈ ఒత్తిడిని కొలుచు మార్గమును చూపెను. ఆ సాధనమునకు భారమితి అని పేరు. సముద్రమట్టమున సగటు పీడనము 1013 మిల్లీబారులు.

ఒకచోట గాలి వేడెక్కి పైకి లేచినచో అచ్చట పీడనము తగ్గును. పీడనము ఎక్కువగా ఉన్న చోటినుండి తక్కువగా ఉన్న చోటికి గాలి కదలును. ఈ కదలికయే గాలి వీచుట. వేసవిలో మన దేశపు వాయవ్యభాగము మిక్కిలి కాగి అచ్చట అల్పపీడనము ఏర్పడును. హిందూమహాసముద్రము మీద, భూమధ్యరేఖకు దక్షిణమున పీడనము ఎక్కువ. అచ్చటి గాలులు భూమధ్యరేఖను దాటి వచ్చుచు, భూభ్రమణము వలన కుడివైపునకు మరలి, నైరుతి దిక్కునుండి మనపై వీచును. ఇవి నైరుతి ఋతుపవనములు. సాధారణముగా జూన్ మొదటి తేదీకి కేరళమును, ఆ పిదప కొలది దినములలో మన తెలుగు ప్రాంతములను చేరును. దేశమంతటికిని ఏడాదిలో కురియు వర్షములో సుమారు మూడు వంతులు జూన్ నుండి సెప్టెంబరు వరకు వీనివలననే లభించును. ఈ నాలుగు నెలల వర్షము దేశమంతటిపై సగటున 87 సెంటీమీటర్లు. అందులో నూటికి 96 మొదలు 104 పాళ్ళు కురిసినచో "సాధారణ వర్షపాతము" అందురు. దేశపు లెక్క సాధారణమైనను ఒక జిల్లా ఎండిపోవచ్చును, మరియొక జిల్లా మునిగిపోవచ్చును. సగటు అందరికిని సమానముగా పంచునది కాదు.

ఇందుకు ఉదాహరణము వెదుకుటకు దూరము పోనక్కరలేదు. అరేబియా సముద్రతీరమున ఉన్న మంగళూరులో ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన కురియును. అచ్చటినుండి తూర్పుగా, కొండల కావలనున్న అనంతపురములో కురియునది 550 మిల్లీమీటర్ల ప్రాంతము. రెండింటిపై వీచునది ఒకే గాలి. కాని పడమటి కనుమలు ఆ గాలికి అడ్డు నిలిచి దానిని పైకెత్తును. పైకెక్కిన గాలి చల్లబడి తన తేమనంతయు పడమటి వాలుమీదనే కురిసి పోవును. కొండ దాటి దిగునప్పుడు అది పొడిగాలియై తిరిగి వేడెక్కును. అనంతపురము ఇట్లు కొండలచాటున పడి వర్షచ్ఛాయా ప్రాంతమైనది. అచ్చటి రైతు వేరుసెనగ విత్తి ఆకాశము వంక చూచుచుండుటకు కారణము వందల కిలోమీటర్ల దూరమున ఉన్న ఒక కొండల వరుస.

నెల్లూరు తీరు వేరు. అక్టోబరులో నేల చల్లబడుటతో గాలులు దిశ మార్చి ఈశాన్యమునుండి వీచును. అవి బంగాళాఖాతము మీదుగా వచ్చుచు తేమను గ్రహించి నెల్లూరు, తిరుపతి ప్రాంతములకును, తమిళనాటి తీరమునకును వర్షము నిచ్చును. తక్కిన తెలుగుదేశమంతయు వానలు వెనుకబడినవని తలచు కాలమున నెల్లూరికి అసలైన వానకాలము మొదలగును. ఒకే భాష మాటలాడు ప్రజలలో ఒక ఊరి పంటకాలము వేరొక ఊరికి పనికిరాకుండుట ఇందువలననే.

సముద్రమునుండి వచ్చు ప్రమాదము

బంగాళాఖాతములో అల్పపీడనము ఏర్పడినదని విన్నంతనే భయపడనక్కరలేదు. జూలై, ఆగస్టు నెలలలో ఇట్టి అల్పపీడనములే తెలంగాణమునకును ఉత్తరకోస్తాకును మంచి వానలు తెచ్చును. అది బలపడుచున్నదా అనునదే ముఖ్యము. దాని చుట్టును గాలి గంటకు 31 కిలోమీటర్ల వేగమును అందుకొన్నచో వాయుగుండము. 50 దాటినచో తీవ్ర వాయుగుండము. 62కు చేరినచో తుఫాను. 89కి తీవ్ర తుఫాను. 118కి అతి తీవ్ర తుఫాను. అంతకు పైనను మెట్లు కలవు. గంటకు 222 కిలోమీటర్లు చేరిన దానిని మహాతుఫాను అందురు. వాయుగుండము తుఫానుగా మారినదన్న వార్త ఊరక పేరు మార్పు కాదు. గాలి వేగము ఒక గీటును దాటినదని అర్థము.

తుఫానునకు ఆహారము వెచ్చని సముద్రము. పై నీరు 26 డిగ్రీలకు మించి వెచ్చగా ఉన్నప్పుడు ఆవిరి విస్తారముగా పైకి పోయి, మేఘమై, తనలోని వేడిని విడిచి గాలిని మరింత పైకి లేపును. క్రింద పీడనము మరింత తగ్గును. అన్ని వైపులనుండి వచ్చు గాలి, భూభ్రమణము వలన, మన ఉత్తరార్ధగోళములో గడియారపు ముల్లులకు ఎదురుగా సుడి తిరుగును. నడుమ "నేత్రము" అను ప్రశాంతస్థలము ఉండును. అది మీదుగా పోవునప్పుడు గాలి నిలిచి, వాన తెరపి యిచ్చి, అంతయు ముగిసినట్లు తోచును. కాని కొంతసేపటికి గాలి ఎదురుదిక్కునుండి అంతే బలముతో విరుచుకొనిపడును. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను నేత్రము విశాఖపట్నము మీదుగా సాగినప్పుడు నగరవాసులు దీనిని స్వయముగా చూచిరి. కనుక గాలి నిలిచినదని వెలుపలికి వచ్చుట మిక్కిలి ప్రమాదకరము.

ప్రాణములను ఎక్కువగా తీయునది గాలి కాదు, ఉప్పెన. తుఫాను గాలి సముద్రపు నీటిని తీరమువైపునకు తోయును. తీరమున సముద్రము లోతు తక్కువగా ఉన్నచోట ఆ నీరు వెనుకకు పోజాలక ఎత్తుగా లేచి నేలమీదికి వచ్చును. తూర్పుతీరమును దాటు తుఫానునకు ఉత్తరపు ప్రక్కన గాలి సముద్రమునుండి నేలపైకి వీచును గనుక ఉప్పెన ఆ ప్రక్కనే అధికము. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీన మచిలీపట్నమును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేల మంది మరణించిరి. ఆ ఏడు అక్టోబరులోనే కలకత్తాను మరియొక తుఫాను నాశము చేసెను. ఆ పిదప కరవులును సంభవించెను. ఇట్టి విపత్తుల ఫలితముగనే 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది.

అయినను 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై సుమారు అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చినది. సుమారు పదివేల మంది ప్రాణములు కోల్పోయిరి. 1990 మే 9వ తేదీన కృష్ణాముఖమునకు చేరువగా మరియొక భీకరమైన తుఫాను తీరము దాటినది. ఈసారి ఉపగ్రహములును రాడారులును దానిని ముందుగనే కనిపెట్టినవి. లక్షలాది ప్రజలను ముందుగనే తరలించిరి. మృతులు వేయికి లోపు. 2014లో హుద్‌హుద్ నగరమును చిందరవందర చేసినను మరణములు పదులలోనే నిలిచినవి. ఈ నడిమి కాలములో సముద్రము శాంతించలేదు, గాలి బలహీనపడలేదు. మారినది ఒక్కటే: హెచ్చరిక ముందుగా వెలువడుచున్నది, విన్నవారు కదలుచున్నారు.

తుఫాను వార్తలు నేడు క్రమముగా నాలుగు దశలలో వచ్చును. సుమారు 72 గంటల ముందు అధికారులకు తొలి సూచన; 48 గంటల ముందు అప్రమత్తత; 24 గంటల ముందు హెచ్చరిక; తీరము దాటుటకు 12 గంటల ముందు, దాటిన పిదప ఏమగునో తెలుపు సూచన. ఓడరేవులలో ఎగురవేయు ప్రమాదసంకేతములకు 1 మొదలు 11 వరకు సంఖ్యలు కలవు. ఒకటవది దూరమున సముద్రములో వాయుగుండమున్నదని తెలుపును. పదవది మహాప్రమాద సూచన. పదునొకండవది హెచ్చరిక కేంద్రముతో సంబంధములు తెగిపోయినవని తెలుపునది. దానిని అన్నింటికంటె చెడ్డదిగా ఎంచవలెను. విద్యుత్తు పోయినప్పుడు, టెలిఫోనులు మూగబోయినప్పుడు బ్యాటరీతో పనిచేయు రేడియోయే ఇంటికి ఆధారము. తుఫాను మాసములగు ఏప్రిల్, మే, అక్టోబరు, నవంబరు, డిసెంబరులలో తీరవాసులు క్రొత్త బ్యాటరీలను సిద్ధముగా ఉంచుకొనుట మంచిది.

ఎండయు విపత్తే

ఉప్పెన కంటికి కనిపించును. వడగాలి కనిపించదు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి రెండు వేల మందికి పైగా ఎండదెబ్బకు మరణించిరి. వారిలో చాలమంది ఆరుబయట కూలిపని చేయువారును, వృద్ధులును. "వడగాలి" అనుటకును కొలత కలదు. మైదానములలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలైనను చేరి, అక్కడి సాధారణముకంటె నాలుగున్నర డిగ్రీలు అధికమైనప్పుడు వడగాలి అందురు. సముద్రతీరమున 37 డిగ్రీలు చేరినను చాలును. సాధారణముతో పనిలేకుండ 45 డిగ్రీలు దాటినచో అది వడగాలియే. ఇందులో మొదట చెప్పుకొన్న రెండు ప్రశ్నలును కలిసియున్నవని గమనింపుడు. నేటి ఎండ ఎంతయో చెప్పునది వాతావరణము. అది ఇచ్చట అధికమా కాదా అని చెప్పునది శీతోష్ణస్థితి. ఒకటి లేక రెండవది అర్థము కాదు.

ఇప్పుడు ఆ శీతోష్ణస్థితియే నెమ్మదిగా మారుచున్నది. బొగ్గు, చమురు కాల్చుటచే గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగినది. యంత్రయుగమునకు ముందు పది లక్షల పాళ్ళ గాలిలో అది 280 పాళ్ళు ఉండెడిది. నేడు 420 దాటినది. ఈ వాయువు భూమినుండి పోవలసిన వేడిని పట్టియుంచును. 1901 మొదలు 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినది. ముప్పావు డిగ్రీ లెక్కలోనిదా అని అడుగవచ్చును. ఒక దినములోనే పదిహేను డిగ్రీలు మారుట మనము చూచుచునే యున్నాము గదా! కాని అది వాతావరణము, ఇది సగటు. సగటు కొంచెము జరిగినచో తీవ్రమైన ఎండదినముల సంఖ్య చాల పెరుగును. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో అందులో నూటికి ఏడు పాళ్ళు ఎక్కువ ఆవిరి ఇముడగలదు. అందుచే కురిసినప్పుడు వాన కుంభవృష్టియగు అవకాశము పెరుగును. ఒక ఏడు చలి ఎక్కువగా వేసినదని భూమి వేడెక్కుటలేదనుట ఎంత పొరపాటో, ఒక మధ్యాహ్నపు ఎండను చూచి శీతోష్ణస్థితి మారినదనుటయు అంతే పొరపాటు. ఏండ్ల లెక్కలే దీనికి సాక్ష్యము.

అట్టి లెక్కను పాఠశాల విద్యార్థియు వ్రాయవచ్చును. అడుగు చదునుగా, గోడలు నిలువుగా ఉన్న గాజుసీసానో, డబ్బానో తీసికొని, చెట్లకును గోడలకును దూరముగా, వాటి ఎత్తునకు రెండింతల ఎడముగా బయట నిలుపుడు. గాలికి పడకుండ ఇటుకలు ఆనించుడు. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు కొలబద్దతో అందలి నీటి లోతును మిల్లీమీటర్లలో చూచి, పుస్తకములో తేదీ వేసి వ్రాసి, నీరు పారబోయుడు. వాన లేనినాడు సున్న వ్రాయుట మరువకుడు. లెక్కలో సున్నయును వర్షమంత విలువైనదే. ప్రక్కనే గాలి దిక్కును, ఆకాశపు తీరును, ఆనాడు రేడియోలో విన్న సూచనను వ్రాయుడు. ఒక్క వానకాలము గడచునప్పటికి సూచన ఎప్పుడు ఫలించినదో, ఎప్పుడు తప్పినదో, మీ ఊరు జిల్లా సగటునుండి ఎంత భేదించినదో మీకే తెలియగలదు. ఇంటిలో ఎవరైనను "ఈ ఏడు వానలు బాగున్నవా?" అని అడిగినప్పుడు, తోచినది చెప్పక పుస్తకము తెరచి చూపుడు.